అద్దాలాయన మూతల పరీక్ష

అద్దాలాయన చేతికి గుండ్రటి వస్తువు ఏది దొరికినా అది మరుక్షణం ఎదుటివాడి చేతుల్లో ఉంటుంది. గిన్నె మూత కావచ్చు, జల్లెడ కావచ్చు, గోడ మీంచి ఊడదీసిన గడియారమూ కావచ్చు. "పట్టుకోండి. రెండు చేతుల్తో. కుడికి తిప్పండి. ఎడమకి తిప్పండి. ఆఁ, ఇప్పుడిది పట్టుకోండి. అది బాగుందా... ఇది బాగుందా?" జవాబు చెప్పేదాకా మనిషిని కదలనివ్వడు. ఉత్తరాలు పంచే ఆయన ఒకసారి చెప్పకుండా పారిపోతే, మూత పట్టుకుని రెండు వీధులు వెంటపడ్డాడు.

నలభై ఏళ్ళు కళ్ళజోళ్ళ షాపు నడిపిన మనిషి మరి. వచ్చినవాడి ముక్కు మీద ఇనప ఫ్రేము బిగించి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేస్తూ, బతుకంతా ఆ ఒక్క ప్రశ్నే అడిగాడు. షాపు షట్టరు దించాడు గానీ నోటి షట్టరు దించలేదు. వాళ్ళావిడ చెప్పే కథ ఒకటుంది: కాపురానికొచ్చిన మొదటిరాత్రి ఈయన మంచం మీద రెండు తలగడలు పెట్టి, ఒకదాని మీద పడుకోబెట్టి, లేపి, రెండోదాని మీద పడుకోబెట్టి, ఇది బాగుందా అది బాగుందా అని అడిగాట్ట. "తెల్లారేసరికి తలగడ సంగతి ఒక్కటే తేలింది" అంటుందావిడ.

అలాంటి మనిషి పాత స్పోర్ట్సు కారు కొన్నాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, వయసు యాభై పైమాటే. కొన్నప్పుడు అందులో కోళ్ళు కాపురం ఉండేవి. ఇంజను బాగు చేయించాడు, రంగు వేయించాడు, సీట్లు కుట్టించాడు. ఇక మిగిలినవి రెండే: టైర్లు, స్టీరింగు. ఆ రెండూ ఎంచుకోవడానికి కారుని టైర్ల షాపుకి తెచ్చి, ఇటుకల మీద ఎక్కించి, "రెండ్రోజుల్లో తేల్చేస్తానమ్మాయ్" అన్నాడు.

అది ఎనిమిది నెలల కిందటి మాట.

షాపు ఓనరుని అందరూ టైర్లక్క అంటారు. ఆవిడ చేతిలో పానా ఉన్నప్పుడు మాత్రం మేడమ్ అంటారు. షాపులో బళ్ళు నిలబెట్టే చోట్లు మూడు. అందులో ఒకటి ఇటుకల మీద కూర్చున్న ఈ ఎర్ర కారుది. మిగిలిన రెండింటితో వ్యాపారం ఈడుస్తూ, ఆ కారుని చూసినప్పుడల్లా ఆవిడ పళ్ళు నూరేది.

"బాబాయ్, వెడల్పాటివి వేయించుకో. రోడ్డుకి అతుక్కుపోతాయి. స్టీరింగేమో చిన్నది, తోలుది. స్పోర్ట్సు కారుకి అదే అందం" అంది మొదటిరోజే.

"సరే, చూద్దాం" అని ఆయన టైర్ల దొంతర ముందు గొంతుక్కూచున్నాడు. ఒకదాన్ని బొటనవేలితో నొక్కాడు. ఇంకోదాన్ని వాసన చూశాడు. మూడోదానికి చెవి ఆనించాడు. అప్పుడు రెండు టైర్లు వెలుతుర్లోకి దొర్లించుకొచ్చాడు.

"ఇది నల్లగా ఉందా... ఇది నల్లగా ఉందా?"

"బాబాయ్, టైర్లన్నీ నల్లగానే ఉంటాయి."

"సరిగ్గా చూసి చెప్పు తల్లీ. తొందరేం లేదు."

"నాకుంది తొందర!"

నిజానికి టైర్లక్కని నమిలేస్తున్న దిగులు కారు గురించి కాదు, వాళ్ళ నాన్న గురించి. ముప్ఫై రెండేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. కిందటేడు పక్షవాతం కొద్దిగా తాకి వదిలేసింది. కాలు సర్దుకుంది, మాట సర్దుకుంది, ఎడమ చేతి వేళ్ళు మాత్రం ముడుచుకోవడం మానేశాయి. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి, రోజుకి రెండొందల సార్లు నొక్కమన్నాడు. ఇప్పుడు వాడకపోతే ఆ చెయ్యి ఇక అలాగే ఉండిపోతుందన్నాడు. "నేనేమన్నా ఉయ్యాల్లో పిల్లాడినా?" అని డ్రైవరుగారు బంతిని వీధిలోకి విసిరేశాడు. వీధికుక్క దాన్ని నోట కరుచుకుపోయింది. ఆ పేటలో దానికున్నంత గట్టి దవడలు ఇంకే కుక్కకీ లేవు ఇవాళ. కూతురు రెండో బంతి కొంది. అదీ కుక్కకే చేరింది. మూడోది కొనలేదు.

అప్పట్నించీ ఆయన షాపు ముందు పాత లారీ టైరు మీద కూచుని, ఎడమ చెయ్యి తువ్వాలు కింద దాచుకుని, వచ్చేపోయే బస్సులు లెక్కపెట్టేవాడు. మాటలు రోజుకి రెండు: "ఊఁ", "వద్దు."

టైర్ల వాసన పని ముగించుకుని అద్దాలాయన స్టీరింగు పని మొదలెట్టాడు. సంచీ నిండా మూతలతో దిగాడు. "స్టీరింగంటే కంటికి కాదమ్మాయ్, చేతికి నచ్చాలి. ఎంత వెడల్పుండాలి, ఎంత లావుండాలి, అన్నీ చూడాలి" అంటూ ముందు ఫిట్టరుకిచ్చాడు. తర్వాత గాలి కొట్టించుకోవడానికొచ్చిన వాళ్ళకిచ్చాడు. లారీ ఓనరు ఒకాయన పాలగిన్నె మూత పట్టుకుని అయిదు నిమిషాలు మలుపులు తిప్పాడు, నోటితో హారను కూడా కొట్టాడు. ఆఖర్న అద్దాలాయన డ్రైవరుగారి ముందు నిలబడ్డాడు.

"వద్దు" అన్నాడు డ్రైవరుగారు.

"అందరూ పట్టుకున్నారండీ. ముప్ఫై రెండేళ్ళు స్టీరింగు పట్టిన మీరొక్కరే మిగిలారు."

డ్రైవరుగారు కుడిచెయ్యి చాపాడు.

"ఒంటిచేత్తో పట్టుకుంటే లెక్కలోకి రాదండీ. ఆ లారీ ఓనరు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఆయనే నయమని రాసేసుకోనా?"

లారీ ఓనరు నయమన్న మాట ఏ బస్సు డ్రైవరు పడతాడు! తువ్వాలు పక్కకి పోయింది. ఎడమ చెయ్యి మెల్లగా లేచి మూత అంచు మీద వాలింది. పట్టు లేదు, ఊరికే ఆనింది అంతే. కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు.

"అది బాగుందా... ఇది బాగుందా?"

"రెండూ బాలేవు" అన్నాడు డ్రైవరుగారు. "మనిషన్నవాడు పట్టుకునే సైజులేనా ఇవి?"

నెలల తర్వాత తండ్రి నోట రెండు ముక్కలు మించిన మాట విని టైర్లక్క పానా కాలి మీద పడేసుకుంది. నొప్పి వల్ల సంతోషించడం కుదర్లేదు.

ఆ మర్నాటి నుంచి అదే వరస. పొద్దున పదింటికి సంచీ దిగేది. జల్లెడ, డబ్బా మూత, డోలు చట్రం, పాత సైకిలు చక్రం. షాపుకెవరొచ్చినా ముందు తిప్పాలి, తర్వాతే పంక్చరు. సాయంత్రమయ్యేసరికి అద్దాలాయన భార్య ఖాళీ సంచీతో వచ్చేది.

"మా ఇంట్లో గిన్నెలన్నీ నోళ్ళు తెరుచుకుని కూచున్నాయమ్మా! నిన్న పాలు పిల్లి తాగింది. ఇవాళ కూర ఏది తిందో తెలీదు."

"మరి నువ్వు ఏమనవా పిన్నీ?"

"అంటే రెండు మూతలు చేతికిచ్చి, ఏ మూతతో తిట్టడం బాగుందో చెప్పమంటాడు!"

ఏడో నెలలో టైర్లక్క తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకెళితే అద్దాలాయన కూడా తయారయ్యాడు. డాక్టరు ఎడమ చెయ్యి నొక్కి చూసి ఆశ్చర్యపోయాడు. "వేళ్ళు ముడుచుకుంటున్నాయే! బంతి బాగా పనిచేసిందన్నమాట. ఇలాగే ఉంటే బండి కూడా నడపచ్చు. స్టీరింగు మాత్రం బరువుగా ఉండకూడదు" అని కాగితం మీద రాసిచ్చాడు. టైర్లక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుంది. బంతి నొక్కింది కుక్కయితే చెయ్యి బాగుపడింది నాన్నకా? అడుగుదామనుకునేలోపు అద్దాలాయన గోడ గడియారం ఊడదీసి డాక్టరు చేతుల్లో పెట్టాడు. "కుడికి తిప్పండి సార్" అనగానే ముగ్గుర్నీ బయటికి పంపేశారు.

ఎనిమిదో నెలలో ఆవిడ ఓపిక అయిపోయింది. టైర్ల కోసం వచ్చిన పెద్ద వ్యానుని నిలబెట్టడానికి చోటు లేక అది పక్క షాపుకి తరలిపోయిన రోజది. "బాబాయ్! ఆదివారంలోగా టైర్లు వేయించుకోకపోతే ఇటుకలతో సహా రోడ్డు మీదికి తోసేస్తాను!"

"తేలిపోయిందమ్మాయ్" అన్నాడాయన చల్లగా. అని, షాపులో అన్నిటికంటే సన్నటి టైర్లు చూపించాడు. స్టీరింగేమో వడ్రంగి చేత చేయించుకొచ్చాడు: చెక్కది, పైన తోలు చుట్టినది, పెద్ద గంగాళం మూతంత.

ఫిట్టరు ఇటుక మీద కూలబడి నవ్వాడు. "సార్, ఇది కారుకా, పడవకా? ఆ టైర్లేంటండీ, సైకిలు చూసి సిగ్గుపడుతుంది!"

టైర్లక్కకి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఎనిమిది నెలలు ఊరంతటి చేతా మూతలు తిప్పించి, ఎవరూ చెప్పనివి రెండూ ఏరుకున్నాడు! స్టీరింగు తనే బిగిద్దామని లాక్కుంది. బిగిస్తుంటే అరచేతికి తేడా తగిలింది. కుడివైపు తోలు ఒక్క చుట్టే. ఎడమవైపు, సరిగ్గా చెయ్యి పడే చోట, నాలుగు చుట్లు.

"ఎవడు చుట్టాడు బాబాయ్ ఈ తోలు? ఒకవైపు లావు, ఒకవైపు సన్నం!"

"నేనే చుట్టాను."

"కళ్ళజోడు పెట్టుకుని చుట్టాల్సింది!"

ఆయన, ఎప్పుడూ లేనిది, టైర్లకి గాలి ఎంత కొట్టాలని ఫిట్టరుతో శ్రద్ధగా మాట్లాడ్డం మొదలెట్టాడు. ఆవిడకి అనుమానమేసి కారులో ముందున్న అర లాగింది. రబ్బరు బ్యాండు వేసిన అట్టల కట్ట ఒళ్ళో పడింది. కళ్ళ పరీక్ష రాసుకునే పాత అట్టలు. కుడి కన్ను, ఎడమ కన్ను అని అచ్చు వేసిన చోట "కన్ను" కొట్టేసి "చెయ్యి" అని రాసుంది. ఫిట్టరు అట్ట మీద ఒక్కటే ముక్క: "బాగానే తిప్పుతాడు." లారీ ఓనరుది: "హారను బావుంది." టైర్లక్కది: "కోపంగా తిప్పుతుంది." మిగతా ఊరందరివీ ఇంతే. అట్టడుగున మాత్రం రెండు వైపులా నిండిపోయిన అట్టలు పదిహేడున్నాయి. అన్నీ ఒక్కరివే. ఎడమ చెయ్యి: పాలగిన్నె మూత, ఆనించారు. ఎడమ చెయ్యి: జల్లెడ, రెండు వేళ్ళు పట్టాయి. సన్నటి అంచు జారిపోతోంది, గుడ్డ చుట్టి చూడాలి. నాలుగు చుట్లు, జారలేదు. డాక్టరు: బరువు కూడదు.

ఆవిడ ఇరవై ఏళ్ళుగా టైర్లమ్ముతోంది. వెడల్పు టైరు రోడ్డుని కరుచుకుంటుందనీ, దాంతో స్టీరింగు బరువెక్కుతుందనీ, టైరు సన్నమై స్టీరింగు పెద్దదయ్యేకొద్దీ బండి తేలిగ్గా తిరుగుతుందనీ ఊళ్ళో అందరికీ చెప్పేది తనే. ఎనిమిది నెలలుగా తనకే తట్టలేదు.

"బాబాయ్" అంది, గొంతు తగ్గించి. "మా నాన్న ఒక్కడికి ఇస్తే సరిపోయేదిగా. ఊరందరికీ ఎందుకిచ్చావ్?"

"ఒక్కడికిస్తే వైద్యం అంటారు. ఊరందరికీ ఇస్తే పిచ్చి అంటారు. మీ నాన్న వైద్యానికి ఒప్పుకునే రకమా? నా పిచ్చికైతే అందరూ అలవాటు పడ్డారు." ఆయన అట్టలు లాక్కుని జేబులో కుక్కుకున్నాడు. "ఇరవై ఏళ్ళు ఆయన బస్సులోనే షాపుకెళ్ళానమ్మాయ్. రెండు చొక్కాల్లో ఏది బాగుందో తేలక రోజూ ఆలస్యమే. మా సందు మొదట్లో రెండు హారన్లు కొట్టి ఆగేవాడు. బస్సులో జనం తిట్టేవాళ్ళు. ఒక్కరోజు నన్ను వదిలేసి వెళ్ళలేదు."

ఆదివారం పొద్దున కారు ఇటుకలు దిగింది. అద్దాలాయన తాళంచెవి డ్రైవరుగారి ముందు పెట్టి, "పాత కారండీ, నాకు భయం. కాస్త మీరే..." అన్నాడు. డ్రైవరుగారు "ఊఁ" అనలేదు, "వద్దు" అనలేదు. తువ్వాలు కూతురి మీదికి విసిరి సీట్లో కూచున్నాడు. ఎడమ చెయ్యి వెళ్ళి ఆ నాలుగు చుట్ల మీద ఇంటికొచ్చినట్టు కూచుంది. రెండు హారన్లు కొట్టాడు. అద్దాలాయన ఒక్క గెంతుతో పక్క సీట్లో పడ్డాడు.

పావుగంటకి కారు వెనక్కొచ్చింది. డ్రైవరుగారి ముఖం దీపంలా ఉంది. పక్క సీట్లో కూరగాయల బుట్టతో ఎవరో పెద్దావిడ ఉంది. "బాగా తోలావు నాయనా" అని దిగి వెళ్ళిపోయింది.

"నాన్నా! బాబాయేడీ?"

"వస్తాడు."

ఇంకో అరగంటకి వచ్చాడు, చెమటలు కక్కుతూ, నడిచి. "ప్రతి బస్టాపులోనూ ఆపాడమ్మాయ్! ఎందుకండీ అంటే స్టాపు అంటాడు! నాలుగో స్టాపులో ఆవిడ 'మార్కెట్టు దాకా వెళుతుందా' అని అడిగింది. 'సీటు ఒక్కటే ఉంది, మీరు దిగండి' అని నన్ను దింపేశాడు! ఇరవై ఏళ్ళలో మొదటిసారి వదిలేసి వెళ్ళిపోయాడు!"

"ఎనిమిది నెలలు నాతో పాలగిన్నె మూతలు తిప్పించినందుకు" అన్నాడు డ్రైవరుగారు.

అద్దాలాయన నోరు తెరుచుకుంది. "మీకు తెలుసా?"

"రెండో వారంలోనే తెలిసింది. మూత అంచుకి గుడ్డ చుట్టి తెచ్చేవాణ్ణి ఎవర్నన్నా చూశారా? అంత సరదాగా చేస్తున్నారు, చెడగొట్టడమెందుకని ఊరుకున్నా."

టైర్లక్క టైర్ల దొంతర వెనక్కి పోయి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఫిట్టరు నీళ్ళిచ్చాడు. అద్దాలాయన నీళ్ళు తాగి, లారీ టైరు మీద కూలబడి, కాళ్ళు చాపుకున్నాడు. డ్రైవరుగారు సీట్లోంచి దిగకుండానే, రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచి, తల ఇటు తిప్పి అడిగాడు.

"కారులో వెళ్ళడం బాగుందా... నడిచి రావడం బాగుందా? సరిగ్గా చూసి చెప్పండి. తొందరేం లేదు."