సోమవారం పాటకి నేను చెప్పిన అర్థాలు

నిన్న పొద్దున ఎనిమిదింటికి సుభానీ నంబర్ నుంచి కాల్ వచ్చింది. "ఏరా, డ్యూటీ ఎగ్గొట్టావా" అన్నాను.

అవతల సుభానీ కాదు. వాడి చెల్లెలు నస్రీన్.

"అన్నయ్య లేడన్నా" అంది.

ఇంట్లో లేడేమో అనుకున్నాను. ఎక్కడికి పోయాడమ్మా అని కూడా అడిగాను. ఆ అమ్మాయి ఏడుపు మొదలుపెట్టాక గానీ ఆ మాట నా బుర్రకి ఎక్కలేదు.

డ్యూటీకి టిఫిన్ బాక్స్ సర్దుకుంటూ, ఆయాసం వచ్చి గుమ్మంలో కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. ముప్పై నాలుగేళ్ళు వాడికి.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. సుభానీ, నేను చిలకలూరిపేటలో ఇంటర్ కలిసి చదివాం. నేను గుంటూరు వచ్చి మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరాను. వాడు హైవే పక్కన ఒక స్పిన్నింగ్ మిల్లులో చేరాడు. పత్తి బేళ్ళు విప్పి, దులిపి, మిషన్‌లోకి పంపే చోట పని. వాళ్ళ తాత వీధి వీధీ తిరిగి పరుపులకి దూది ఏకేవాడు.

"పుట్టినప్పటి నుంచీ దూదేరా మాకు, పోయినప్పుడు ముక్కులో పెట్టేదీ దూదే" అని వాడి జోకు. పడీ పడీ నవ్వేవాళ్ళం.

సాయంత్రాలు మాత్రం వాడు వేరే మనిషి. గిటార్ పట్టుకుని, ఇద్దరు ఫ్రెండ్స్‌తో "రిటర్న్ లోడ్" అని బ్యాండ్ పెట్టాడు. తెలుగులో ఇండీ రాక్. అదేంటో తెలిసినవాళ్ళు పేటలో పదిమంది ఉంటే గొప్ప. అయినా తొమ్మిది పాటలు చేసి యూట్యూబ్‌లో పెట్టారు.

ఆ పాటలకి అర్థాలు చెప్పే పని నేను నెత్తికెత్తుకున్నాను. ఎవరూ అడగలేదు. "లోపలి మాట" అని ఇన్‌స్టా పేజీ తెరిచి, లైను లైనూ విప్పి పెట్టేవాణ్ణి.

"సోమవారం" పాట మీలో చాలామంది విన్నారు.

సోమవారం వచ్చి ఛాతీ మీద కూర్చుంది
మంగళవారానికి కాస్త పక్కకి జరిగింది
శనివారం దాకా పక్కనే పడుకుంది
ఆదివారం ఎటో వెళ్ళిపోయింది

ఈ నాలుగు లైన్ల మీద పదకొండు స్లైడ్ల పోస్ట్ రాశాను నేను. సోమవారం అంటే పెళ్ళైపోయిన పాత లవర్ అన్నాను. ఒకాయన వచ్చి కాదు, శివుడు అన్నాడు. ఇంకొకరు క్యాపిటలిజం అన్నారు. కామెంట్లలో మూడు రోజులు కొట్టుకున్నాం. చివర్లో సుభానీ ఒక్క ముక్క రాశాడు.

"సోమవారం అంటే సోమవారమే రా."

అబ్బో, ఎంత లోతు అనుకుని దాన్ని పిన్ చేశాను.

ఇంకొకటి ఉంది. ఆ పాటలో లైనుకీ లైనుకీ మధ్య సన్నగా ఒక ఈల. తలుపు సందులోంచి గాలి దూరినట్టు ఉంటుంది. అందులో ఏదో మెసేజ్ దాచాడని నా అనుమానం. ఆడియో వెనక్కి తిప్పి ప్లే చేశాను.

"రా... రా..." అని ఎవరో పిలుస్తున్నారు.

ఒళ్ళు జలదరించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని పేట వెళ్ళి వాడికే వినిపించాను.

వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. మొహం పాలిపోయింది. మెల్లగా తీసి నా చేతిలో పెట్టి "అది నేనేరా" అన్నాడు.

నేనేం చేశానో తెలుసా. "పిలిచేదీ తనే, వెళ్ళేదీ తనే" అని రీల్ చేశాను. మా పేజీలో ఎక్కువమంది చూసింది అదే.

నిన్న పేట వెళ్ళే బస్సులో తొమ్మిది పాటలూ వరసగా విన్నాను. మొదటి రెండింట్లో ఆ ఈల లేదు. మూడో పాటలో మొదలైంది. పాట పాటకీ దగ్గరకొచ్చింది. ఆరో పాటలో డ్రమ్స్ ఆగిపోతాయి, అది ఆగదు. చివరి పాటలో వాడు లైను సగంలో ఆపేస్తాడు. దానికి నేను మినిమలిజం అని పేరు పెట్టాను.

అది వాడి ఊపిరి.

బస్సు యడ్లపాడు దాటుతోంది. ఇయర్‌ఫోన్స్ తీసేశాను. తీశాక కూడా కాసేపు వినిపిస్తూనే ఉంది.

ఇన్నేళ్ళూ వాడు చెప్తూనే ఉన్నాడు. నేను అర్థాలు చెప్తూ కూర్చున్నాను. మెడికల్ షాపులో దగ్గు సిరప్ తెచ్చుకుని తాగుతుంటే కళ్ళారా చూశాను. ఎట్టా ఉందిరా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

ఖబరస్థాన్‌లో మట్టి ఇచ్చి ఇంటికొచ్చాక నస్రీన్ నన్ను పక్కకి పిలిచింది. ఆమె పనిచేసేదీ అదే మిల్లులో, దారం చుట్టే సెక్షన్‌లో.

"అన్నా, సోమవారం పాటలో ఎవరో అమ్మాయి ఉందని నువ్వే రాశావంటగా. ఎవరన్నా ఆమె? కబురన్నా చెయ్యాలి గదా" అంది.

నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు.

"అమ్మాయి ఎవరూ లేరమ్మా. ఆదివారం సెలవు అయిపోయి మళ్ళీ మిల్లులో అడుగుపెట్టగానే ఆ పత్తి దుమ్ముకి వాడికి ఛాతీ పట్టేసేది. వారం గడిచేకొద్దీ తగ్గేది. ఉన్నదున్నట్టు అదే రాశాడు. మేమే ఏదేదో అనుకున్నాం" అన్నాను.

చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని అట్లాగే నిలబడింది.

"సోమవారం అందరికీ అట్టాగే ఉంటది గదన్నా" అంది. "నాకూ రెండేళ్ళ నుంచి ఉంది."

నేను డాక్టర్ని కాదు. రేపు పొద్దున్నే నస్రీన్‌ని గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపిస్తున్నాను. మీ ఇళ్ళల్లో మిల్లుకి వెళ్ళేవాళ్ళు ఉంటే, ఇవాళే కూర్చోబెట్టి అడగండి. వాళ్ళు ఏం చెప్తే అదే నమ్మండి.

సుభానీ, క్షమించమని అడిగే మొహం కూడా లేదురా నాకు.

అల్లా నీకు చల్లగా ఊపిరాడే చోటు ఇవ్వాలి. హాయిగా పడుకో.