చిన్నాన్న ఓడ కథలో లేని రోజు

నా చిన్నప్పుడు ఆదివారం భోజనాలయ్యాక మా ఇంట్లో ఒక ఓడ చరిత్ర మొదలయ్యేది. చెప్పేది మా చిన్నాన్న. నేవీలో ఉండేవాడు. డెబ్భై ఒకటి యుద్ధం అయిన మరుసటి ఏడు సెలవు మీద వచ్చి, పోర్టు వెనక మా రెండు గదుల ఇంట్లో నెల్లాళ్లు ఉన్నాడు. అప్పుడు నాకు పదేళ్లు, తమ్ముడికి ఆరు.

అది మామూలు ఓడ కాదు. అడుగు చదునుగా ఉంటుంది. దానికి రేవు అక్కర్లేదు, తిన్నగా ఒడ్డు దాకా వచ్చి ఇసుకలో ముక్కు ఆనించి నిలబడుతుంది. అప్పుడు ముందు భాగం గోదాము తలుపుల్లా తెరుచుకుని, లోపలి నుంచి ఒక వాలు పలక కిందికి దిగుతుంది. దాని మీదుగా జీపులు, సిపాయిలు దిగిపోతారు. ఎక్కడో చలిదేశంలో తయారై విశాఖ వచ్చిన దగ్గర్నుంచి అది మోసిన ప్రతి బరువూ చిన్నాన్నకి కంఠతా వచ్చు. అండమాన్‌కి సిమెంటు బస్తాలు, తుఫాను ఊళ్లకి బియ్యం, ఒకసారి ఎవరో పెద్ద ఆఫీసరుగారి పాడిగేదె. గేదె దగ్గరికి వచ్చేసరికి మేం పడీపడీ నవ్వేవాళ్లం.

యుద్ధం దగ్గరే కథ కుంటుపడేది. "తూర్పునో తీరానికెల్లాం. సిపాయిల్ని దింపాం. వచ్చేసాం" అనేవాడు. అంతే, మళ్లీ బియ్యం బస్తాలు మొదలు. నేను ఊరుకునే రకమా? బాంబులు పడతాయని కిటికీలకి నల్ల కాగితాలు అంటించుకుని, దీపం ఆర్పేసి, ప్రార్థన కూడా గుసగుసగా చేసుకున్నవాళ్లం మేము. అన్నాళ్లు భయపడినందుకు నాకొక గొప్ప యుద్ధం కథ రావాలి కదా! ఎలా దింపారు, ఎవరు కాల్చారు అంటూ జోరీగలా వెంటపడేదాన్ని. చిన్నాన్న బీడీ తీసుకుని వీధిలోకి పోయేవాడు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక అందరం భీమిలి బస్సెక్కి రుషికొండలో దిగాం. అప్పుడక్కడ ఈ అద్దాల మేడలు లేవు, సరుగుడు తోపులూ ఇసుకా తప్ప. అమ్మ చెట్ల కింద పులిహోర విప్పుతోంది. చిన్నాన్న కాస్త ఇవతల ఇసుకలో కూర్చున్నాడు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ. ఒడ్డుకి కొంచెం దూరంలో ఒక ఇసుక మేట పైకి తేలింది. మోకాలి లోతు నీళ్లలో నడిచి, తమ్ముణ్ణి తీసుకుని దాని మీదికెక్కాను. అక్కడ గవ్వలు ఏరుకుంటూ వెనక్కి చూసుకోలేదు. చూసేసరికి పోటు మొదలైంది. మేట అంచులు కరుగుతున్నాయి. మేం నడిచి వచ్చిన నీళ్ల రంగు మారిపోయింది.

తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు. నాకూ భయం వేసింది, కానీ పెద్దదాన్ని కదా, ఒప్పుకోలేను. నేనే ముందు దిగి రెండడుగులు వేశాను. నడుం దాకా వచ్చాయి నీళ్లు. అక్కడే నిలబడి, "దిగరా! నడుం లోతే, ఏటీ అవ్వదు!" అని గట్టిగా అరిచాను. నా మాట నమ్మి వాడు దిగాడు. వెనక నుంచి వచ్చిన కెరటం వాణ్ణి నన్ను దాటించి ముందుకు నెట్టింది. చెయ్యి చాపాను, చొక్కా అందలేదు. తర్వాతి క్షణంలో అక్కడ తల లేదు.

ఒడ్డు మీద చిన్నాన్న అప్పటికే పరిగెడుతున్నాడు. నేను కేక వేసినప్పుడే లేచాడని అమ్మ తర్వాత చెప్పింది. చర్చి బట్టలతోనే నీళ్లలో పడ్డాడు. ఒకసారి మునిగి ఉత్త చేతులతో లేచాడు. రెండోసారి మునిగాడు. నేను ప్రార్థన మొదలుపెట్టాను గానీ ఒక్క మాటా గుర్తు రాలేదు. మూడోసారికి తమ్ముడి కాలర్ పట్టుకుని లేచాడు. ఒడ్డున వాణ్ణి బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కుతుంటే చాలాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత వాడు నీళ్లు కక్కి, అమ్మా అని ఏడ్చాడు. అంత తీయని ఏడుపు నేను మళ్లీ వినలేదు.

చిన్నాన్న మళ్లీ నీళ్లలోకి వచ్చి నన్నూ ఒడ్డుకి తెచ్చాక అమ్మ చెయ్యెత్తింది. చిన్నాన్న ఆ చెయ్యి పట్టుకుని, "కొట్టకొదినా. దీంతో నాను మాటాడతాను" అన్నాడు.

సరుగుడు చెట్ల వెనక్కి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. ఎన్నాళ్లు అడిగినా చెప్పని, సిపాయిల్ని దింపిన ఆ రోజుని, నేను అడక్కుండానే చెప్పాడు. పలక దిగాక నీటి లోతు చూసే పని ఆ రోజు ఆయనదే. పలక చివర నిలబడి, గుర్తులు గీసిన పొడుగాటి కర్ర దించాడు. నడుం లోతే ఉంది. అదే మాట అరిచి చెప్పాడు. కానీ ఓడ ఆనింది ఒడ్డుకి కాదు, ఒడ్డుకి ముందున్న ఇసుక మేటకి. అది దాటితే మళ్లీ లోతు. ఆయన మాట మీద వీపున బరువులతో ముందు దిగిన ఇద్దరు సిపాయిలు పైకి రాలేదు.

"నువ్వు సెప్పింది అబద్ధం కాదమ్మా. నువ్వు నిల్సున్న కాడ నడుం లోతే. ఆడు ఎల్లాల్సిన కాడ ఎంతుందో నువ్వు సూడ్నేదు. నానూ సూడ్నేదు" అన్నాడు. తర్వాత, "నన్నెవుడూ ఏటీ అన్నేదు" అన్నాడు. ఆ మాట చెబుతూ ఏడ్చాడు. పెద్దవాళ్లు అలా ఏడవడం నేను చూడటం అదే మొదలు. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మర్చిపోయేదాన్ని. తన తప్పు తీసి పదేళ్ల పిల్ల తప్పు పక్కన పెట్టి, ఇద్దరం ఒకటే అన్నాడు. అంత దయ చూపిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

చిన్నాన్న పోయి చాలా ఏళ్లయింది. తమ్ముడికి ఆ రోజు గుర్తే లేదు. గుర్తుంటే ప్రతి పనికీ నన్ను సలహా అడిగేవాడు కాదేమో! పోయిన నెల దువ్వాడ నుంచి ఫోన్ చేశాడు. గుండెకి ఆపరేషన్ చెయ్యాలన్నారట. "అప్పా, సేయించుకోమంటావా? నీకు అయ్యింది కదా. నువ్వెలా సెప్తే అలాగే" అన్నాడు. నిజమే, నాలుగేళ్ల కిందట నాకు అదే ఆపరేషన్ అయింది. వారం తిరక్కుండా లేచి తిరిగాను. ఏమీ అవదురా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"నాకు బాగానే అయ్యిందిరా. నీ సంగతి నాకు తెల్దు" అన్నాను. "డాక్టరు కాడికి ఒక్కడివీ ఎల్లకు. ఉండు, నానూ వత్తన్నాను."