సాయంత్రం చెప్పే తప్పు

మా బాపు మమ్మల్ని బడికి పంపలేదు. మర్రిగూడ దగ్గర మా చెల్కలో, మెట్ట చేని మధ్య ఉన్న ఇంట్లోనే, తానే అక్షరాలు దిద్దించాడు. రోజూ పొద్దుగూకే వేళ అన్ననూ నన్నూ అరుగు మీద కూర్చోబెట్టి, ఒకరి తప్పు ఒకరిని చెప్పమనేవాడు. ఎవరి తప్పు వారు చెప్పుకుంటే చెల్లదు. "ఎవని తప్పు వానికి కండ్లవడదు బిడ్డా" అనేవాడు. చెప్పకపోతే ఇద్దరికీ బువ్వ లేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. పొద్దున్నే బావి దగ్గర ఆ సాయంత్రం చెప్పాల్సిన ఉత్తుత్తి తప్పులు మాట్లాడుకునేవాళ్లం.

"నేను బొక్కెన బావిల జారవిడిచిన్నని చెప్పు. నువ్వు మేకకు నీళ్లు పెట్టలేదని నేను చెప్త."

నిజం తప్పులు మా ఇద్దరి మధ్యనే ఉండిపోయేవి. ఒకసారి చెప్పింది మళ్లీ రాకుండా నేను పుస్తకంలో రాసుకునేవాణ్ణి. నా డైరీ అలవాటు అక్కడే మొదలైంది.

1960ల నాటికి మేము మీసాలొచ్చిన మనుషులం. అన్నకు పెళ్లయింది. అయినా అరుగు తప్పలేదు. ఒక ఏడు నేను ఇంట్లో తెలియకుండా మెట్రిక్ పరీక్షకు కట్టాను. మేము పాలమూరు అనే మహబూబ్‌నగర్‌లో పరీక్ష. హాల్‌టికెట్ వచ్చిన సంగతి అన్నకొక్కడికే చెప్పాను.

ఆ పొద్దున అనుకున్న తప్పు, నేను ఎడ్లకు దాణా మరిచానని. సాయంత్రం అన్న నా వైపు చూడలేదు.

"బాపూ, తమ్ముడు పాలమూరుల పరీక్షకు పోతున్నడు. కాగితం దూలం సందుల దాసిండు."

బాపు అరవలేదు. కాగితం దించి, చదివి, మడిచి రొంటిన దోపుకున్నాడు.

"పెద్దోడా, ఇన్నేండ్లకు ఒక్క నిజం చెప్పినవ్‌రా" అన్నాడు.

మరునాడు బావి దగ్గర అడిగాను.

"ఎందుకు చెప్పినవే అన్నా?"

"నువ్వు పోతే అరుగు మీద నేనొక్కన్నే గదరా. నా మీద ఎవరు చెప్తరు? నేనెవరి మీద చెప్పాలె?"

"వదిన ఉంది గదనే."

"దానికి మన తీరు ఎట్ల తెలుస్తది?"

పరీక్ష రోజున నేను చేనులో పత్తికట్టె పీకాను. రెండేళ్ల తర్వాత మళ్లీ కట్టాను, అన్నకు చెప్పలేదు. పాసయ్యాను, ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అన్న వస్తే మర్యాదగానే మాట్లాడతాను. ఏ ఊరు వెళ్తున్నానో మాత్రం ఎవరికీ చెప్పను. నేను తిరిగి వచ్చాకే నా భార్యకైనా తెలుస్తుంది.

ఆ పాత పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఆనాటి పేజీలో పొద్దున రాసుకున్నది అలాగే ఉంది: "తమ్ముడు ఎడ్లకు దాణా మరిచాడు." దాన్ని కొట్టేయలేదు. ఆ రోజు ఎడ్లకు దాణా నేనే పెట్టాను.