లాడ్జి బాల్కనీతో అష్టాచెమ్మా

శానిటైజర్ వాసన తగిలితే ఎవరికైనా ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు మాత్రం గవ్వల గలగల వినిపిస్తుంది, దాని వెనకే మా నానమ్మ గొంతు. గన్నవరం దగ్గర నర్సింగ్ చదువుతూ వార్డు డ్యూటీలు మొదలుపెట్టాక రోజంతా ఆ వాసనలోనే ఉంటున్నాను కాబట్టి, మా భవానీపురం డాబా కూడా రోజంతా నా వెంటే తిరుగుతోంది.

కరోనా వేసవి అది. పరీక్షలు రాయకుండానే పై క్లాసుకు వెళ్లిపోయిన ఆనందంలో నేను, కొత్త ఆవకాయ జాడీల వాసనతో ఇల్లు, సాయంత్రం నీళ్లు చల్లితే బుస్సుమని ఆవిరి చిమ్మే డాబా, పొద్దు వాలాక కృష్ణ మీంచి వచ్చే గాలి, నానమ్మ ఒళ్లో విడీ విడని మల్లెమొగ్గలు. ఇంట్లో లేనిదల్లా అమ్మే. అమ్మ నర్సు. కరోనా వార్డులో చేసేవాళ్లను ఇళ్లకు పంపకుండా లాడ్జిలో ఉంచారు. మా అదృష్టం, ఆ లాడ్జి మా వీధిలోనే, సరిగ్గా మా ఇంటికి ఎదురుగా ఉంది.

బాల్కనీలో అమ్మ, డాబా మీద మేము, మధ్యలో నాలుగు కేబుల్ వైర్లు. ఎంతసేపని చేతులూపుకుంటాం? నానమ్మ కంకిపాడు నుంచి పెళ్లినాడు తెచ్చుకున్న గవ్వలు బయటికి తీసి, నాలుగింటిని శానిటైజర్‌తో తుడిచి అన్నం క్యారియరుతో పాటు అమ్మకు పంపి, డాబా మీద సుద్దతో అష్టాచెమ్మా గళ్లు గీసింది. అమ్మ తన గవ్వలు అక్కడే వేసుకుని ఎంత పడిందో అరిచి చెప్పేది, ఆమె కాయలు మేం జరిపేవాళ్లం. తలంట్లు పోసుకుని వచ్చిన మిగతా నర్సులు పక్క బాల్కనీల్లోంచి సగం మంది అత్తవైపు, సగం మంది కోడలివైపు చేరి గోలగోల చేసేవారు. దొంగాట ఆడితే మాత్రం నానమ్మ ఊరుకునేది కాదు. ఒకసారి నేను కాయ ఒక గడి ముందుకు జరిపానని మర్నాటిదాకా నాతో మాట్లాడలేదు మహాతల్లి.

కొన్నాళ్లకు అమ్మ గొంతు తగ్గిపోయింది. తను రోజూ స్పూనుతో జావ తాగించిన పెద్దావిడ పోయిందట. అప్పట్నుంచి మేం పంపిన క్యారియరు నిండుగానే తిరిగొచ్చేది, ఆవకాయన్నం ముద్దలు కూడా ముట్టేది కాదు. ఒక మధ్యాహ్నం ఫోన్‌లో, "ఇక నావల్ల కాదండీ అత్తయ్యా, మానేస్తాను," అంది. నాకు భయమేసింది. ఉద్యోగం పోతుందని కాదు, అమ్మ ఇక నవ్వదేమోనని.

ఆ సాయంత్రం నానమ్మ పట్టుబట్టి అమ్మను ఆటకు లేపింది. ఏమిటో, నానమ్మకు ఎప్పుడు వేసినా ఒకటే పడుతోంది, అమ్మ కాయలు వరసగా పండిపోతున్నాయి. ఇదేం చోద్యమని నేను ముందుకు వంగి చూశాను. నాలుగు గవ్వలూ బోర్లా ఉన్నాయి.

"నానమ్మా, ఎనిమిది పడితే ఒకటంటావేంటి?" అని గట్టిగా అడిగేశాను.

అమ్మ రెయిలింగు పట్టుకుని ముందుకు వంగింది.

"ఎప్పట్నుంచండీ అత్తయ్యా ఈ దొంగాట? ఓడిపోయి నన్ను గెలిపిస్తారా? నేనేమన్నా చంటిపిల్లనా?"

"నా గవ్వలు, నా ఇష్టం. అంత రోషముంటే కడుపునిండా తిని రా, అప్పుడు చూద్దాం నీ ఆట."

"తింటాను. మళ్లీ మొదట్నుంచి వేయండి, గవ్వలు దానికి చూపించి మరీ వేయండి."

అంటూనే అమ్మ నవ్వేసింది, నవ్వుతూనే ఏడ్చేసింది. పక్క బాల్కనీలో ఒకామె కూడా కళ్లు తుడుచుకుంది. ఆ పూట క్యారియరు ఖాళీగా వచ్చింది, మర్నాడు అమ్మ డ్యూటీకి వెళ్లింది. తర్వాత కూడా ఏడ్చిన రోజులు లేకపోలేదు, కానీ బాల్కనీలోకొచ్చి మాకు చెప్పుకుని ఏడ్చేది.

ఇప్పుడా లాడ్జి బట్టల షాపైంది, బాల్కనీలకు అద్దాలు బిగించారు. సుద్దగీతలు ఏ వానకో పోయాయి. నానమ్మా పోయింది, గవ్వలు అమ్మ దగ్గరున్నాయి.

మొన్న నా వార్డులో, నేను రోజూ తల దువ్విన ఒక అవ్వ చనిపోయింది. అమ్మకు ఫోన్ చేశానే గానీ మాట పెగల్లేదు. అటునుంచి గవ్వలు గలగలమన్నాయి.

"నీ వంతు కూడా నేనే వేస్తున్నాను. నీకు ఎనిమిది. నాకు ఒకటి."

మళ్లీ గలగల. మళ్లీ నాకు ఎనిమిది, ఆమెకు ఒకటి. మూడోసారీ అంతే అనేసరికి నాకు ఒళ్లు మండింది.

"దొంగాట ఆడకమ్మా," అన్నాను.

"హమ్మయ్య, గొంతు లేచింది," అంది అమ్మ. "ఇప్పుడు చెప్పు, అన్నం తిన్నావా?"