రాజుగారి గుండు

మా చెల్లెలు బెంగళూరులో పాత సామాన్ల అంగట్లో ఒక పజిల్ పెట్టె కొని తెచ్చింది. ముక్కలన్నీ పేరిస్తే యుద్ధకాలం నాటి ఇంగ్లండు రాజు బొమ్మ వస్తుంది. సైనిక దుస్తులు, ఛాతీ నిండా పతకాలు, నున్నగా దువ్విన నల్లటి జుట్టు. తిరుపతిలో మా ఇంటి భోజనాల బల్ల మీద ఒక అట్ట పరిచి, వారం పాటు దాంతోనే కుస్తీ పట్టాను. అన్నాలు నేల మీదే తిన్నాం.

"రాజుగారు లేస్తే గదా మనం కూసునేది!" అని నాయన రోజూ గొణిగేవాడు.

నల్ల ముక్కలన్నీ ఒకేలా ఉన్నాయని జుట్టును చివరికి వదిలాను. తీరా చూస్తే ఆ ముక్కలే లేవు. జుట్టు ఉండాల్సిన చోట కింది అట్ట బోసిగా కనిపిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మ వచ్చి చూసింది. "యుద్ధం గెలిచినాడా ఈయప్ప?"

"గెలిచినాడు."

"అయితే మొక్కుకోనుంటాడులే. గుండు కొట్టించుకోని కొండ దిగినాడు. సూడు, ఎంత కళగా ఉండాడో!"

అంతటితో ఆగలేదు. దేవుడి గదిలోంచి గంధం గిన్నె తెచ్చి, ఆ బోసి అట్ట మీద చల్లగా పూసింది.

నెల తర్వాత చెల్లెలు బెంగళూరు నుంచి మళ్ళీ వచ్చింది. జుట్టు ముక్కలు తన సంచి అడుగున దొరికాయట. నేను సంబరంగా వాటిని పెట్టబోతే అమ్మ నా చేతి మీద ఒక్కటేసింది.

"స్వామికిచ్చిన జుట్టు ఎనక్కి తెచ్చుకుంటారా యాడన్నా?"