అన్నం మీద పడ్డ నింద

ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నేను డాక్టరుగా చేరాక వచ్చిన మొదటి వానాకాలం అది. ఒక ఉదయం పక్క ఊరి బాలికల బడి నుంచి ఫోన్ వచ్చింది. హాస్టల్ పిల్లలకు వాంతులు, విరేచనాలు. మేం వెళ్లేసరికి వరండా నిండా చాపలు పరిచి పిల్లల్ని పడుకోబెట్టారు. ఓఆర్ఎస్ కలిపి తాగించాం. కళ్లు లోతుకు పోయిన ఒక చిన్నపిల్లకు సెలైన్ ఎక్కించి ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి పంపాం.

వంటామె గోడవారగా కూర్చుని ఉంది. తల్లిదండ్రులు ఆమెను అనాల్సినవన్నీ అప్పటికే అనేశారు.

"కూరల ఏదో పడ్డట్టుంది మేడం. ఆమెను పనికి రావద్దని చెప్పిన," అంది హెడ్మిస్ట్రెస్.

వంటామె తల ఎత్తలేదు. "నా బిడ్డ గూడ గిదే బడి. ఇంటికాడికెల్లి వచ్చిపోతది. నిన్న గదే కూర తిన్నది. దానికేం గాలే."

ఆ మాట పట్టుకుని, రోజూ ఇంటి నుంచి వచ్చే పిల్లలందరినీ అడిగాను. నిన్న మధ్యాహ్నం అందరూ బడి అన్నమే తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. నీళ్లు మాత్రం ఇంటి నుంచి సీసాల్లో తెచ్చుకున్నవి.

"గీ నల్లా నీళ్లు వాసనొస్తున్నయ్ మేడం," అంది ఒక పిల్ల.

నల్లా నీళ్లలో క్లోరిన్ పరీక్ష మందు చుక్కలు వేస్తే రవ్వంత పసుపు కూడా తేలలేదు; అంటే నీళ్లలో క్లోరిన్ లేనేలేదు. బోరు నుంచి ట్యాంకు దాకా పైపు వెంట నడిచాం. మరుగుదొడ్ల వెనక మురికి గుంటలో పైపు అతుకు ఊడి ఉంది. మోటారు ఆగినప్పుడల్లా పైపు ఆ మురికిని లోపలికి లాక్కుంటోంది.

నల్లాలు మూయించాం. ట్యాంకు కడిగించి, కొత్త పైపు నేల మీదుగా వేయించి, బ్లీచింగ్ కలిపే పని హాస్టల్ వార్డెనుకు నేర్పించాను. అందాకా కాచిన నీళ్లే. ఆదిలాబాద్ పోయిన పిల్ల కోలుకుని తిరిగొచ్చింది.

హెడ్మిస్ట్రెస్ నన్ను వెంటబెట్టుకుని వంటామె ఇంటికి వెళ్లింది. "తొందరపడ్డ. మళ్ల పనికి రా," అంది.

వంటామె మాకు చాయ్ ఇచ్చి, నిదానంగా అంది. "నన్ను అందరి ముంగట అన్నరు మేడం. గీ మాట గూడ అందరి ముంగటనే చెప్పున్రి."

హెడ్మిస్ట్రెస్ మొహం ఎర్రబడింది. కాని మర్నాడు తల్లిదండ్రుల్ని పిలిపించి, ప్రార్థన సమయంలో అందరి ముందు, తప్పు నీళ్లదని, వంటామెది కాదని చెప్పింది.

మొదటి రోజు వంటామెను అందరికంటే గట్టిగా తిట్టిన తల్లి, సభ అయ్యాక వంటగదిలోకి వచ్చి పీట మీద కూర్చుంది. వంటామె ఆమె వైపు చూసి, తరగమన్నట్టు ఉల్లిగడ్డల గంప ముందుకు జరిపింది.