పిన్ని చూడాలనుకున్న దోవ

మొన్న కార్తీకంలో పిన్నిని మాచర్ల అవతల అడవిని ఆనుకుని కొత్తగా వేసిన పార్కుకు తీసుకెళ్ళాను. చక్రాల కుర్చీలు కూడా పోయేలా చెట్ల మధ్య చదునైన బాట వేశామని గేటు దగ్గర ఇంత పెద్ద బోర్డు పెట్టారు గాని, తీరా చూస్తే ఈ చివర కేకేస్తే ఆ చివర వినపడేంత దూరమే ఉంది. ఇంకాస్త ముందుకు వేస్తే మీ సొమ్మేం పోయిందని టిక్కెట్లిచ్చే ఆయనతో తగువు పెట్టుకున్నాను. పాపం, ఆయనకేం తెలుసు, నా కోపం నా చిన్ననాటిదని!

ఎనభైల్లో, నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో, గురజాలలోని అమ్మమ్మ ఇంటి నుంచి ఏటా కార్తీక వనభోజనాలకు ట్రాక్టరు ట్రక్కులో ఈ వైపుకే వచ్చేవాళ్ళం. అమ్మకు చెల్లెలైన మా పిన్నికి పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. బేరింగులు బిగించిన చెక్క మీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ ఇల్లంతా తిరిగేది. అడవి రాళ్ళ మీద ఆ చెక్క ఏం నడుస్తుంది? అందుకని ఆమెను ట్రక్కు దగ్గర సామాన్లకు కాపలా ఉంచి, మిగతావాళ్ళం లోపల వాగు పక్కనున్న ఉసిరిచెట్టు కిందికి పోయి తిని, ఆమెకు విస్తట్లో పట్టుకొచ్చేవాళ్ళం. మీ ఇళ్ళల్లోనూ ఇలా కాపలాకు మిగిలిపోయిన మనిషి ఒకరు ఉండే ఉంటారు, గుర్తు చేసుకోండి.

ఆ ఏడు, పిన్ని రాకపోతే నేనూ తిననని ట్రక్కు దిగకుండా భీష్మించుకున్నాను. పెద్దమామయ్య ఆమెను భుజాన మోసుకెళ్తానన్నాడు. "నేనేమన్నా పత్తిమూటనా అన్నయ్యా, భుజానేసుకపోటానికి? పోతే నేనే పోతా" అంది పిన్ని. కార్తీకంలో ఒక్క పూటైనా ఉసిరి నీడన తినకపోతే పుణ్యం దక్కదని నమ్మే అమ్మమ్మ దీనికొక ఉపాయం కనిపెట్టింది. మామయ్యను లోపలికి పంపి, కాయలతో సహా నిలువెత్తు ఉసిరికొమ్మ నరికించి, ట్రక్కు పక్కన గుంట తీసి పాతించింది. దాని నీడ పిన్ని ఒళ్ళోకి కూడా చాలలేదు. అయినా పసుపు కుంకుమలు పెట్టి, అందరికీ అక్కడే విస్తళ్ళు వేయించి, "ఏమే, ఇప్పుడేం తక్కువైందే నీకు? చెట్టే నీ కాడికొచ్చె!" అని మురిసిపోయింది.

పిన్ని ముద్ద కలిపింది గాని నోట్లో పెట్టుకోలేదు. "చెట్టెవరికి కావాలమ్మా? ఆ దోవ ఎట్టుంటదో చూడాలని గదా నా ఏడుపు" అంది.

తిన్నాక మగవాళ్ళు కునుకు తీస్తుంటే, ఆడవాళ్ళు గిన్నెలు తోముతుంటే, పిన్ని నా హవాయి చెప్పులు అడిగి రెండు చేతులకూ తొడుక్కుని, నేల మీద జరుగుతూ చెట్లలోకి బయల్దేరింది. వట్టికాళ్ళతో ముళ్ళు తొక్కుకుంటూ నేను వెనకాలే పోతుంటే, "ముట్టుకున్నావంటే చంపుతా" అంది. చీర చిరిగింది, మోచేతులు గీరుకుపోయాయి. మలుపు దాకా పోయాం. వాగు చప్పుడు వినపడుతోంది, వాగు మాత్రం కనపడటం లేదు. ఇంతలో అమ్మమ్మ కేకలు, పరుగున వచ్చిన మామయ్య. ఒక్క మాటైనా అడక్కుండా ఆమెను ఎత్తి భుజాన వేసుకున్నాడు. ట్రక్కు దాకా పిన్ని ఆయన వీపు మీద గుద్దుతూనే ఉంది. మరుసటేడు ఎంత బతిమాలినా వనభోజనాలకు రాలేదు.

ఇప్పుడీ బాట మీద రాయీ లేదు, ముల్లూ లేదు. పిన్ని కుర్చీ చక్రాలు పట్టుకుని తనే బయల్దేరింది గాని, కాస్త దూరం పోయేసరికి భుజాలు పట్టేసి, చిన్న ఎత్తు దగ్గర ఆగిపోయింది. నేను చేతులు కట్టుకుని వెనకే నిలబడ్డాను.

"అట్టా చూస్తావేందే, తొయ్యి" అంది.

తోశాను. బాట చివర వాగు కనిపిస్తే "చానా బాగుందే" అని పొంగిపోయింది కూడా. నాకే మనసు ఒకచోట నిలవలేదు. బాట వేసినవాళ్ళు మంచివాళ్ళే, కాదనను. పిన్ని చేతుల్లో సత్తువ ఉన్న రోజుల్లో వేసి ఉంటే, ఆమెను అందుకోవడానికి నేను పరిగెత్తాల్సి వచ్చేది.